పాఠం చెట్టు కింద చెబితే షికారు అవుతుందా?

ఉత్తరం: "మహబూబాబాద్ జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆరు, ఏడు తరగతులకు సైన్సు, లెక్కలు నావే. రెండు తరగతులూ కలిపి 38 మంది. గేటు దాటి ఐదు నిమిషాలు నడిస్తే పల్లె ప్రకృతి వనం, ఇంకాస్త ముందుకెళ్తే చెరువు కట్ట. ఇంత దగ్గర ఇవన్నీ పెట్టుకుని బోర్డు మీద చెట్టు బొమ్మ గీసి చెప్పడం నాకే వింతగా ఉంది. మొన్నొక శనివారం అందరినీ వనంలోకి తీసుకెళ్లాను. ఒకటే పరుగులు, అరుపులు. ఇద్దరు జామచెట్టు ఎక్కేశారు. పాఠం ముందుకు కదల్లేదు. సోమవారం ఒక పిల్లాడి నానమ్మ బడికొచ్చి 'సదువు చెప్పమంటే పిల్లగాండ్లను చెట్ల పొంటి తిప్పుతున్నవా టీచరమ్మా' అని అడిగింది. 'పామో పురుగో ముడితే ఎవరు జవాబు చెప్పాలె' అంటున్నారు హెచ్ఎం సారు. పైగా నేను ఖమ్మం టౌన్లో పెరిగినదాన్ని, సగం చెట్ల పేర్లు నాకే తెలియవు. మానుకోవడమే మంచిదా? లేదంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చెరువు దగ్గరికి కూడా తీసుకెళ్లొచ్చా?"

జవాబు:

టీచర్ గారూ,

మానుకోవద్దు. అయితే మొన్న వెళ్లినట్టు మాత్రం వెళ్లొద్దు.

ఏడాదికోసారి బయటికి తీసుకెళ్తే పిల్లలు దాన్ని పిక్నిక్ అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. బడిలో చేరినప్పటి నుంచి గేటు దాటడమంటే వాళ్లకు ఇంటి గంట కొట్టడం, లేదంటే ఆటల పీరియడ్. కాళ్లకు ఆ అలవాటే ఉంది. అదే వనానికి ప్రతి వారం, అదే పీరియడ్‌లో, ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లి చూడండి. మూడో నాలుగో వారానికి పరుగులు వాటంతటవే తగ్గుతాయి. కొత్త చోటు పాతబడాలి, అప్పుడే పిల్లల కళ్లు చిన్న వాటి మీదికి దిగుతాయి. మొదటిసారి వాళ్లకు వనమంతా ఒకే పచ్చటి ముద్దలా కనిపిస్తుంది. ఐదోసారికి "పోయిన వారం ఈ కొమ్మకు ఈ గూడు లేదు టీచర్" అంటారు. మీకు కావాల్సిన పాఠం అక్కడ మొదలవుతుంది.

అందుకే దూరపు జూలు, పెద్ద పార్కులు, బస్సు మాట్లాడుకుని పోయే విహారయాత్రల మీద నాకు పెద్ద ఆశ లేదు. అవి ఉండనివ్వండి, పిల్లలకు సరదా. ఐదు నిమిషాల దూరంలో ఉన్న మామూలు వనంతో, అందులో సగం మొక్కలు ఎండిపోయినా సరే, అంతకన్నా ఎక్కువ పని జరుగుతుంది. ఎండిన మొక్క పక్కన బతికిన మొక్క ఉంటే ప్రశ్న తయారైనట్టే: ఇది ఎందుకు బతికింది, అది ఎందుకు పోయింది?

ముందు గోల సంగతి. 38 మందిని ఒంటరిగా తీసుకెళ్లకండి. వారంలో ఒక రోజు ఆరో తరగతి, మరో రోజు ఏడో తరగతి. అప్పటికీ ఎక్కువనిపిస్తే తరగతిని రెండుగా చీల్చి, ఒక సగాన్ని లైబ్రరీ పుస్తకాలతో తోటి టీచరు దగ్గర కూర్చోబెట్టండి. ఇద్దరిద్దరిని జట్టు కట్టండి. జట్టుకొక నోటుబుక్కు, ఒక పెన్సిల్ చాలు. అలా చేస్తే ఒకరు చూస్తారు, ఒకరు రాస్తారు, ఖాళీ చేతులు తగ్గుతాయి. వనంలో ఎంతవరకు తిరగొచ్చో ముందే చూసుకుని, హద్దు దగ్గరి నాలుగు చెట్లకు ఎర్రగుడ్డ పీలికలు కట్టండి. ఒక విజిల్ ఊదితే ఆగి వినాలి, రెండు ఊదితే మీ దగ్గరికి రావాలి. ఈ విజిల్ ఆటను ముందు బడి ఆవరణలోనే ఒకటి రెండు రోజులు ఆడించండి. వనంలోకి వెళ్లాక నేర్పుదామంటే కుదరదు.

ఏం చూడాలో తరగతి గదిలోనే చెప్పి బయల్దేరండి. "వనంలో ఏమేం ఉన్నాయో చూడండి" అంటే ఎవరూ ఏమీ చూడరు. "పురుగు తిన్న ఆకులు ఏ చెట్టుకు ఎక్కువ ఉన్నాయి?" అనండి, పాతిక నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. పీరియడ్ 45 నిమిషాలైతే నడకకు పది, అక్కడ పాతిక, తిరిగొచ్చాక గదిలో పది. ఆ చివరి పది నిమిషాలను ఏ కారణంతోనూ వదలొద్దు. ఎవరేం చూశారో చెప్పించి, రెండు జట్ల లెక్క ఎందుకు కలవలేదో తేల్చేది అప్పుడే. అది లేకపోతే నానమ్మ అన్న మాట నిజమవుతుంది.

మొదటి రోజుకు నేనైతే శబ్దాల పటం గీయిస్తాను. ఖర్చు లేదు, చెట్ల పేర్లు తెలియాల్సిన పని లేదు. ఒక్కొక్కరూ కాగితం నడిమధ్య ఒక గుర్తు పెట్టుకోవాలి, అది వాళ్లే. కళ్లు మూసుకుని మూడు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఆ తర్వాత ఏ శబ్దం ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో ఆ కాగితం మీద గుర్తుపెట్టాలి. ట్రాక్టర్, కోయిల, పక్కవాడి దగ్గు, ఎక్కడో మోటారు. ఇద్దరి పటాలు పక్కపక్కన పెడితే ఒకరు విన్నది ఒకరు వినలేదని బయటపడుతుంది. దిక్కులు, దూరం, పటం గీయడం, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. మొన్న జామచెట్టు ఎక్కిన ఇద్దరూ మూడు నిమిషాలు కదలకుండా కూర్చుంటారా అని మీకు అనుమానం రావచ్చు. మొదటి వారం కూర్చోకపోవచ్చు. వాళ్లకు వాచీ ఇచ్చి టైమ్ చూడమనండి.

చెట్ల పేర్ల గురించి మీరు పడుతున్న బెంగ నాకు అర్థమైంది కానీ దాన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు. పేరు చెప్పేస్తే చాలా మంది పిల్లలు ఆ చెట్టును చూడడం మానేస్తారు, నోట్సులో రాసుకుని ఊరుకుంటారు. తెలియని చెట్టుకు వాళ్లనే ఒక పేరు పెట్టనివ్వండి. 'గరుకాకు చెట్టు', 'పాలు కారే చెట్టు' ఏదైనా సరే. ఆకు అంచు, బెరడు, కాయ గీయించి, ఇంట్లో తాతనో మేకలు కాసే వాళ్లనో అడిగి రమ్మనండి. మరుసటి వారం నాలుగు పేర్లు వస్తాయి, కొన్ని కొట్లాడుకుంటాయి కూడా. "నాకు తెలియదు, కనుక్కుందాం" అని టీచరు నోటి నుంచి వినడం పిల్లలకు మంచిదే. ఇంకో లాభం కూడా ఉంది. అడిగిన నానమ్మలు ఆ పాఠంలో భాగమవుతారు, ఆ తర్వాత బడికొచ్చి పోట్లాడరు.

ఇప్పుడు ఈ నెలలో, ఆ తర్వాత ఏం చేయొచ్చో నాకు తోచింది రాస్తాను. మీ ఉత్తరం జూలైలో అందింది. ఆరుద్ర కార్తె దాటింది కాబట్టి ఆరుద్ర పురుగుల ముమ్మరం అయిపోయి ఉంటుంది. వాన పడిన మర్నాడు ఎర్రమట్టి నేలలో ఇంకా అక్కడక్కడా కనిపించొచ్చు. ఎర్ర మఖమల్ గుడ్డలా ఉండే ఈ 'పురుగు'కు కాళ్లెన్నో లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. చీమకు ఆరే. ఆరుద్ర పురుగు అసలు కీటకం కాదని, సాలీడుకు చుట్టమని పిల్లలు తమ లెక్కతోనే తేల్చుకుంటారు. తొలకరి తర్వాత బయటికొచ్చే ఉసిళ్లను ఇది తింటుంది. రెండూ ఒకే వానకు ఎందుకు పైకొస్తాయో అప్పుడు అడగొచ్చు. పట్టి అగ్గిపెట్టెలో దాచుకోవడం మన ఊళ్ల పిల్లల పాత సరదా. అది మాత్రం వద్దని మొదటే చెప్పండి.

ఆగస్టు మొదటి రెండు మూడు రోజుల్ని క్యాలెండర్‌లో గీత గీసి పెట్టుకోండి. మీ ప్రాంతం దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మీ నడినెత్తి మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. ఒకటి మే రెండో వారంలో, అప్పుడు సెలవులు. రెండోది ఆగస్టు మొదట్లో, అప్పుడు బడి ఉంటుంది. నేలలో నిటారుగా పాతిన కర్రకు ఆ మధ్యాహ్నం నీడ ఉండదు. మబ్బు పట్టిందంటే ఏం చేయలేం, అందుకే మూడు రోజులూ ప్రయత్నించాలి. ఇంకో తమాషా ఏమిటంటే అది సరిగ్గా 12 గంటలకు జరగదు, 12 గంటల 16 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, ఆ గీత కాకినాడ దగ్గరగా పోతుంది. మీరు దానికి పడమర దాదాపు రెండున్నర డిగ్రీల దూరంలో ఉన్నారు. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన 10 నిమిషాల ఆలస్యం. మిగిలిన ఆరు నిమిషాల కథ భూమి తిరిగే దారికి సంబంధించింది, దాన్ని హైస్కూలుకు వదిలేయండి. ఒక కర్ర, ఒక గడియారంతో భూగోళమూ సైన్సూ ఒకేచోట కూర్చుంటాయి.

అదే కర్ర లెక్కల్లోనూ పనికొస్తుంది. ఆరో తరగతిలో నిష్పత్తి, అనుపాతం వచ్చినప్పుడు మీటరు కర్ర నీడ, చెట్టు నీడ ఒకేసారి కొలిపించండి. కర్ర నీడ 60 సెంటీమీటర్లు, చెట్టు నీడ 4.2 మీటర్లు వచ్చిందనుకుందాం. చెట్టు ఎత్తు 7 మీటర్లు. చెట్టు ఎక్కకుండానే. నలుగురికి నాలుగు జవాబులు వస్తాయి, అవి ఎందుకు తేడా వచ్చాయన్నది అసలైన పాఠం. నీడ అంచు మసగ్గా ఉంటుంది, నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, ఒకడు పది నిమిషాలు ఆలస్యంగా కొలిచి ఉంటాడు. పుస్తకంలో లెక్కలకు ఈ గొడవలుండవు. ఏడో తరగతి వాళ్లకు ఛాతీ ఎత్తులో చెట్టు బోదె చుట్టూ దారం చుట్టించి, ఆ పొడవును 3.14తో భాగించి వ్యాసం కట్టించండి. ఆ అంకెను తేదీతో సహా గోడ మీద రాసిపెట్టండి. వచ్చే ఏడాది అదే చెట్టును మళ్లీ కొలవాలి కదా.

వానాకాలమంతా గిజిగాళ్ల పని నడుస్తుంది. మీ వనం చుట్టుపక్కల తాడి, ఈత, తుమ్మ ఉంటే గూళ్లు వేలాడుతూనే ఉంటాయి. దూరం నుంచే చూడాలి, నాలుగైదు వారాలు వరుసగా చూడాలి. అల్లేది మగపిట్ట, పసుపు తలకాయ దానిదే. గూడు సగమయ్యాక, తలకిందులుగా పెట్టిన బుట్టలా ఉన్నప్పుడు, ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది, లేకపోతే ఆ గూడు అలా సగంలోనే ఉండిపోతుంది. సగం గూళ్లెన్ని, పూర్తయినవి ఎన్ని అని వారంవారం లెక్క రాయిస్తే మంచి పట్టిక తయారవుతుంది. గిజిగాడు గూట్లో మిణుగురు పురుగును దీపంలా అంటించుకుంటుందని పెద్దలు చెబుతారు. పిల్లలు తప్పకుండా అడుగుతారు. కాదని వెంటనే కొట్టిపారేయకండి. దీపావళి దాటాక కింద రాలిన పాత గూడు దొరికితే విప్పి చూడమనండి. మట్టి ముద్దలు అంటించి ఉంటాయి, మిణుగురులు దొరకవు. మట్టి ఎందుకు పెట్టి ఉంటుందో వాళ్లనే వాదించుకోనివ్వండి.

బతుకమ్మ రోజులు వస్తే మీ పని ఇంకా తేలిక. తంగేడు, గునుగు ఎక్కడెక్కడ పూశాయో ఊరి పటం గీయించవచ్చు. పటంలో తంగేడు ఏ వైపు తగ్గిందో, ఎందుకు తగ్గిందో పిల్లల అమ్మలకే బాగా తెలుసు. చలికాలంలో తోక పైకీ కిందికీ ఆడిస్తూ నేల మీద నడిచే చిన్న పిట్టలు ఉత్తరం నుంచి వస్తాయి. మొదటి దాన్ని ఏ తేదీన చూశారో రాసుకోవాలి. ఫిబ్రవరి, మార్చిల్లో మోదుగ పూస్తుంది, వేప ఆకు రాల్చి రాగి రంగు చిగురేస్తుంది, ఉగాదికి పూతకొస్తుంది. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క చెట్టు అప్పగించి, వారానికోసారి ఆకు, పువ్వు, కాయ ఏ స్థితిలో ఉన్నాయో రాయించండి: లేవు, కొన్ని ఉన్నాయి, చాలా ఉన్నాయి. ఇంతే. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతటా బడిపిల్లలు ఇదే పని చేసి ఆ వివరాలు పంపుతున్నారు. మీ పిల్లల వేపచెట్టు, చింతచెట్టు లెక్క కూడా అందులో చేరవచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి పంపడమే. కాకి, పిచ్చుక, మైనా తెలిస్తే మొదలుపెట్టొచ్చు. పాలపిట్ట కనిపిస్తే ఆ రోజంతా పండగే.

మీ వనంలో కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు ఉందా? ఉంటే ఒక మంచి పరిశోధన మీ చేతిలో ఉన్నట్టే. కోనోకార్పస్‌కు పది ఆకులు, కానుగకు పది ఆకులు చూసి, పురుగు తిన్నవెన్ని, బొబ్బలెక్కినవెన్ని రాయమనండి. కొమ్మల మీద గూళ్లు కూడా లెక్కపెట్టమనండి. కానుగ ఆకు మీద ఎప్పుడూ ఏదో ఒక పురుగు సంసారం ఉంటుంది. పచ్చగా నిగనిగలాడే చెట్టుకు పురుగే పట్టకపోవడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఏడో తరగతి పిల్లలు చేయగలరు, గట్టిగానే చేస్తారు. నేనైతే పరీక్ష పేపర్లో కూడా ఈ ప్రశ్నే ఇస్తాను.

ఆకులు కోసి అట్టల మీద అంటించే ఆల్బమ్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎన్ని బళ్లలో చూశానో, అన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరూ తిరిగి తెరవరు. రాలిన ఆకు గీయించండి, చాలు. మొక్క నాటుతూ పదిమంది చేయి వేసి ఫొటో దిగడం కూడా నా దృష్టిలో పాఠం కాదు. నాటిన మొక్కను ఆరు నెలలు కొలిస్తే అది పాఠం.

ఇక నానమ్మ, సిలబస్. పైన చెప్పినవాటిలో ఆవాసం, నీడలు, నిష్పత్తి, వృత్తం చుట్టుకొలత, పట్టికలు, పటాలు అన్నీ మీ పుస్తకాల్లోనివే. కొత్తగా చేర్చింది ఒక్కటీ లేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయని మీకు తెలుసు. ఆ ప్రాజెక్టులు ఎలా వస్తాయో కూడా తెలుసు: నెట్‌సెంటర్ ప్రింటు, గైడు నుంచి ఎత్తిరాత. ఈ నోటుబుక్కులే ప్రాజెక్టులని చెప్పండి, ఎత్తిరాయడానికి వీలుండదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రమే బడి చదువును బయటి జీవితంతో కలపాలని చెబుతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచి లేకుండా నేర్చుకునే అవకాశం ఉండాలంది. ఇవి హెచ్ఎం సారుకు చూపించడానికి. నానమ్మకు చూపించాల్సింది వేరే. మనవడి నోటుబుక్కు తెరిచి "మీ ఊరి వేపచెట్టు ఎత్తు మీవాడే కట్టాడు" అని చెప్పండి.

తల్లిదండ్రుల సమావేశంలో చెప్పుకోవడానికి రెండు సంగతులు. చైనాలోని గ్వాంగ్‌జౌలో పన్నెండు బళ్లలో మూడేళ్లు ఒక పరీక్ష చేశారు. ఒకటో తరగతి పిల్లలకు రోజూ బడిలోనే 40 నిమిషాలు అదనంగా బయట గడిపే వీలిచ్చారు. ఆ బళ్లలో కొత్తగా దూరపు చూపు తగ్గిన పిల్లలు 30.4 శాతం, మామూలుగా నడిచిన బళ్లలో 39.5 శాతం. 2015లో అచ్చైన ఫలితం ఇది. ఫోనుకు అతుక్కుపోయే పిల్లల తల్లులు ఈ మాట వింటారు. వారానికి ఒక పీరియడ్‌తో కళ్లద్దాలు తప్పుతాయని మాత్రం చెప్పకండి, అది రోజువారీ వెలుతురు సంగతి. రెండోది అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించింది. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఒక పాఠం బయట పచ్చిక మీద, ఒకటి గదిలో చెప్పి, ఆ తర్వాత గదిలో జరిగిన పాఠంలో వాళ్ల శ్రద్ధ ఎలా ఉందో చూశారు. బయట పాఠం అయిన రోజు, టీచరు చెబుతున్నది ఆపి "ఇటు చూడు, కూర్చో" అనాల్సిన సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. చిన్న అధ్యయనమే, రెండు తరగతుల మీద చేసింది. కానీ బయటికెళ్తే ఆ తర్వాత పిల్లలు కుదురుగా ఉండరన్న భయానికి ఇది జవాబు.

హెచ్ఎం సారు భయం వేరు, దాన్ని చాదస్తం అనొద్దు. సంతకం పెట్టేది ఆయన. ఆయనకు కాగితం కావాలి, ఇవ్వండి. ఈ టర్మ్‌లో ఏ వారం, ఏ పీరియడ్, ఏ తరగతి, ఏ పాఠం, వెంట ఎవరు అన్నది ఒక పేజీలో రాసి ముందే సంతకం తీసుకోండి. ఒక రిజిస్టరు పెట్టి వెళ్లేటప్పుడు ఎందరు, వచ్చేటప్పుడు ఎందరు అని ప్రతిసారీ రాయండి. పంచాయతీ కార్యదర్శికి ఒక మాట చెప్పి ఉంచండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లుల్లో ఒకరిని వారానికొకరు చొప్పున వెంట రమ్మనండి. వరుసలో ముందు మీరు, వెనక ఆమె. వచ్చిన తల్లి ఇంటికెళ్లి చెప్పే మాట ముందు మీరు ఇచ్చే సంజాయిషీ ఏ మూలకు?

జాగ్రత్తలు సూటిగా రాస్తున్నాను. వెళ్లే రోజు పొద్దున ముందుగా మీరో, వనంలో నీళ్లు పోసే మనిషో ఒకసారి తిరిగి చూడాలి. పెద్ద తేనెపట్టు ఉన్న చెట్టు వైపు ఆ సీజనంతా వెళ్లొద్దు, దాని కింద అరుపులూ రాళ్లూ అసలు పనికిరావు. పాము విషయంలో పిల్లలకు ఒకే నియమం చెప్పండి: కంటికి కనిపించిన చోటికే చేయి పోవాలి. రాయి ఎత్తొద్దు, పుట్టలో పుల్ల పెట్టొద్దు, గడ్డి దుబ్బులో చేయి పెట్టొద్దు. కనిపిస్తే వెనక్కి నడిచి టీచరుకు చెప్పాలి, రాయి వేయకూడదు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, మంత్రం ఏమీ వద్దు. కదిలించకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఇప్పుడే కనుక్కుని ఆ రిజిస్టరు మొదటి పేజీలో రాసిపెట్టండి. వయ్యారిభామ మొక్కల మధ్య కూర్చోబెట్టకండి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. దురదగొండి కాయ ఎలా ఉంటుందో ముందే చూపించండి. గురివింద, ఉమ్మెత్త, గన్నేరు, ఆముదం గింజ, ఏదీ నోట్లో పెట్టకూడదు. జామకాయ కూడా అక్కడ తినొద్దన్న నియమం పెడితే ఈ నాలుగూ వేరుగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎవరికి ఉబ్బసం ఉందో, ఎవరికి తేనెటీగ కుడితే పడదో ఇళ్లలో అడిగి రాసుకోండి. చెప్పులున్నవాళ్లు చెప్పులతోనే రానివ్వండి, బూట్లు లేవని ఎవరినీ ఆపకండి, అయితే వాళ్లను దారి మీదే ఉంచండి. నీళ్ల సీసాలు మర్చిపోవద్దు. ఒంటిపూట బడులు మొదలైతే మొదటి పీరియడ్‌కు మార్చుకోండి, ఎండ ముదిరితే మానేయండి.

పట్నంలో ఉంటూ ఇది చదివే టీచర్లకు ఒక్క మాట: వనం లేదని ఆగొద్దు. ప్రహరీ గోడ మీద వానకు పుట్టే పచ్చటి నాచు, గోడ పగులులో మొలిచిన రావి, గేటు పక్క వేప, కాలనీ పార్కు, ఇవన్నీ ఈ పనికి సరిపోతాయి. ఒక మీటరు తాడును చతురస్రంగా పరిచి అందులో ఎన్ని రకాల ఆకులున్నాయో లెక్కపెట్టించడానికి సిమెంటు పోయని చారెడు నేల చాలు.

చివరగా చెరువు. ఈ ఏడాది అప్పుడే వద్దు. వానాకాలంలో కట్ట జారుతుంది, నీళ్లు నిండుగా ఉంటాయి, ఈత వచ్చిన పిల్లలు కూడా ప్రమాదంలో పడతారు. వనంలో విజిల్ మాట వినడం అలవాటయ్యాక, జనవరిలో ఏడో తరగతి వాళ్లను మాత్రమే, ముగ్గురు పెద్దవాళ్లతో తీసుకెళ్లండి. కట్ట మీద నుంచే చూడాలి, నీటి అంచుకు దిగకూడదు. మీ ఊళ్లో నీరటి పని (చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని) చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ రోజు పాఠం ఆయనే చెప్పాలి. తూము ఎక్కడ, అలుగు ఏ ఏడు పారింది, ఎవరి మడికి ముందు నీళ్లు, శిఖం భూమిలో (నీళ్లు తగ్గాక తేలే చెరువు లోపలి నేలలో) ఏం వేసేవారు, ఈ సంగతులు ఆయన నోటితో వింటే సాంఘికశాస్త్రం టీచరు కూడా మీతో బయల్దేరతారు. ప్రశ్నలు మాత్రం పిల్లలతో ముందురోజే రాయించుకోండి, లేకపోతే ఆయన్ని చూసి అందరూ నోరు కట్టేసుకుంటారు.